అవ్వాతాతల తిరుగు ప్రయాణం: చివరి రోజు ఏం పెట్టుకోవాల, ఏం పెట్టుకోకూడదు?

ఎడిసన్_ఏర్పేడు
మా పాప అవ్వాతాతలు వచ్చే శుక్రవారం తిరుపతికి తిరిగి పోతా ఉండారు. న్యూయార్క్ జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టులో రాత్రి పది గంటల ఫ్లైటు, దోహాలో మారి చెన్నై, అక్కడినుంచి కారు. ఇద్దరికీ డెబ్బై దాటినాయి. తాతకు షుగరు, బీపీ. అవ్వకు మోకాళ్ళ నొప్పులు. ఆ ఒక్క రోజుకి ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు రాసి పెట్టినారు: పొద్దున గుడి, ఆనక కాస్ట్‌కో అంగడిలో సరుకులు, మధ్యాహ్నం ఫోటోలు, అవ్వ పులిహోర పులుసు చేసి ఫ్రీజర్లో పెట్టాల, పెట్టెలు సర్దాల, పాప బడినుంచి వచ్చినాక అందరూ కలిసి భోజనం. ఇది కుదిరే పనేనా? ఆ రోజు నిజంగా ఏముండాల, ఏవి ముందే అయిపోవాల? తెలిసినోళ్ళు వివరంగా చెప్పండి. ఉత్త "హ్యాపీ జర్నీ"లు వద్దు.

మదనపల్లె_టమోటా
హ్యాపీ జర్నీ.

అలిపిరి3550
ఆ జాబితాలో శుక్రవారానికి మిగలాల్సింది గుడి ఒక్కటే, అది కూడా దగ్గర్లో ఉంటేనే. వారం ముందే కొనడం ఆపేయాల. బుధవారం రాత్రికి నాలుగు పెట్టెలూ తూకంతో సహా మూతపడాల. గురువారం కాగితాలు, మందులు, ఫోన్లు. శుక్రవారం పొద్దున తెరిచి ఉండాల్సింది చేతిసంచి మాత్రమే. మూసిన పెట్టె చివరి రోజు తెరిచినారంటే అందులోకి ఏదో ఒకటి దూరుతుంది, బరువు దాటుతుంది, ఎయిర్‌లైన్ కౌంటర్ ముందర నేలమీద పరిచి మళ్ళా సర్దాల. నలుగురి ముందర తన చీరలు బయటపడటం ఏ అవ్వకూ నచ్చదు.

ఇంక టైము. జూన్ నెల, శుక్రవారం సాయంత్రం, న్యూజెర్సీ ఎడిసన్ నుంచి జేఎఫ్‌కే. మామూలప్పుడు గంటంబావు దారి. ఆ పూట వెరజానో వంతెన, బెల్ట్ పార్క్‌వే కలిపి రెండు గంటలు దాటుతుంది. పదింటి ఫ్లైటుకు ఏడుకల్లా కౌంటర్ దగ్గరుండాల, గంట ముందు కౌంటర్ మూసేస్తారు. వీల్‌చెయిర్ ఉంటే ఇంకాస్త ముందే. నాలుగున్నరకు కారు కదలాల. పాప బడినుంచి వచ్చినాక తీరిగ్గా భోజనం అనేది అయ్యే పని కాదు. ఆ భోజనం గురువారం రాత్రికి మార్చేయండి.

కుప్పం_కోడలు
గురువారం భోజనం అన్న మాటకు నా ఓటు. చివరి రోజు భోజనం ఎవరికీ గొంతు దిగదు. పైగా అవ్వ వంటింట్లో నిలబడే ఉంటుంది, కూర్చోదు.

ఐరాల_బెల్లం
పెట్టెల లెక్క నేను చెప్తా. అమెరికా నుంచి ఇండియాకి చాలా ఎయిర్‌లైన్లలో మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. కొన్ని చవక టిక్కెట్లలో ఒకటే పెట్టె, టిక్కెట్టు మీద చూసుకోండి. ఇద్దరికీ రెండేసి ఉన్నాయనుకుంటే 92 కిలోలు. గట్టి ప్లాస్టిక్ పెద్ద పెట్టె ఖాళీగానే ఐదు కిలోల దాకా తూగుతుంది. నాలుగు పెట్టెలకు ఇరవై కిలోలు పెట్టెలకే పోతుంది, సరుకు 72. మెత్తటి డఫెల్ బ్యాగులైతే ఆ ఇరవైలో సగానికి పైగా మిగుల్తుంది, కానీ సీసాలు, డబ్బాలు అందులో పెట్టొద్దు.

కాటా మీద 50 పౌండ్లు అంటే 22.7 కిలోలు. ఇంట్లో చేత్తో వేలాడదీసే కాటాకు, కౌంటర్ కాటాకు అరకిలో తేడా మామూలే. 22 దగ్గర ఆపండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కూడితే 158 సెంటీమీటర్లు దాటకూడదు, అట్టపెట్టెలు వాడేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు.

బాదంపప్పు సంచి ఒకటి మూడు పౌండ్లు, అంటే 1.36 కిలోలు. "చిన్నవే గదా" అని ఆరు సంచులు కొంటే ఎనిమిది కిలోలు.

గోవిందరాజ_వీధి
బాదం తిరుపతిలో దొరకదా సామీ? ప్రతి ఇంటికీ ఆరు సంచులెందుకు?

ఐరాల_బెల్లం
@గోవిందరాజ_వీధి దొరుకుతుంది. "అమెరికా నుంచి తెచ్చినా" అని ఇచ్చే బాదం దొరకదు.

డల్లాస్_దామల్‌చెరువు
చాక్లెట్ల సంగతి. జూన్‌లో చెన్నై. పెట్టె అంచున పెడితే కరిగి ముద్దవుతాయి. పెట్టె నడిమధ్యన, నాలుగువైపులా బట్టలు చుట్టి, జిప్ కవర్లో పెట్టండి. పూర పెట్టినవి కాకుండా గట్టి చాక్లెట్లు కొనండి. సెంటు, డియోడరెంట్ స్ప్రేలు పెద్ద పెట్టెలోనే: ఒక్కో డబ్బా అర లీటరు లోపు, మనిషికి మొత్తం రెండు లీటర్ల లోపు. తాళం టీఎస్ఏ (అమెరికా విమానాశ్రయాల తనిఖీ సంస్థ) గుర్తు ఉన్నదే వేయండి. మామూలు తాళం వేస్తే తనిఖీలో కోసేస్తారు. పెట్టె లోపల కూడా ఒక కాగితం మీద పేరు, తిరుపతి ఫోన్ నంబరు రాసి పెట్టండి, బయటి ట్యాగు ఊడినా ఇది ఉంటుంది.

పవర్ బ్యాంకు మాత్రం చేతిసంచిలోనే, పెద్ద పెట్టెలో నిషేధం. 100 వాట్ అవర్ల దాకా అడగకుండా తీసుకుపోవచ్చు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. అంకెలు చెరిగిపోయినవి తీసుకుపోవద్దు.

పుత్తూరుకట్టు
అవ్వ మోకాళ్ళ విషయం ఎవరూ ఎత్తలేదు. వీల్‌చెయిర్ బుక్ చేసినారా? చేసుంటే ఏ రకం? కొంత దూరం నడిచి మెట్లెక్కగలిగే వాళ్ళకు డబ్ల్యూసీహెచ్ఆర్. మెట్లెక్కలేని వాళ్ళకు డబ్ల్యూసీహెచ్ఎస్. అసలు నడవలేక సీటు దాకా కుర్చీ కావాల్సిన వాళ్ళకు డబ్ల్యూసీహెచ్‌సీ. మోకాళ్ళ నొప్పికి రెండోది అడగండి. విమానం దూరంగా ఆపి బస్సు పెట్టినప్పుడు మెట్లు దిగాల్సొస్తుంది. మొదటి రకం రాసుంటే మెట్ల దగ్గర చెయ్యి ఊపేస్తారు. కనీసం 48 గంటల ముందు ఫోన్ చేసి, రెండు ఫ్లైట్లకూ పడిందా లేదా అని అడిగి తెలుసుకోండి. మొదటి ఫ్లైటుకు పడి రెండోదానికి పడకపోవడం తరచూ జరిగేదే.

ఎడిసన్_ఏర్పేడు
అవ్వకు చేసినాం. తాత వద్దంటాడు, "నేను తిరుమలకు నడిచెక్కినోణ్ణి" అని.

అలిపిరి3550
3550 మెట్లు ఎక్కే మనిషికి దోహాలో ఏ గేటుకు పోవాలో తెలియకపోవడమే కష్టం గానీ కాళ్ళు కాదు. ఇద్దరికీ వీల్‌చెయిర్ పెట్టండి, లేకపోతే సెక్యూరిటీ దగ్గర ఒకరు ఒక వరస, ఇంకొకరు ఇంకో వరస అవుతారు.

నగరి_మగ్గం
దీనికి నేను ఒప్పుకోను. నడవగలిగిన వాళ్ళందరూ కుర్చీలు పెట్టించుకోబట్టే నిజంగా కావాల్సిన వాళ్ళు గేటు దగ్గర నలభై నిమిషాలు కూర్చోవాల్సొస్తా ఉంది. నడవగలిగి, దారీ భాషా రాని వాళ్ళకు మీట్ అండ్ అసిస్ట్ అని వేరే సాయం ఉంది, ఎయిర్‌లైన్‌ను ఎంఏఏఎస్ అని అడగండి. కొన్నిచోట్ల డబ్బులు కట్టాల, కొన్నిచోట్ల పెద్దవాళ్ళకు ఊరికే చేస్తారు. కుర్చీలో ఉన్నామె తోడు మనిషిని కూడా ఆ కుర్చీ తోసేవాళ్ళే తీసుకుపోతారు. ఒకే బుకింగ్ నంబరులో ఉంటే చాలు.

పుత్తూరుకట్టు
@నగరి_మగ్గం న్యాయమే. ఒకే బుకింగ్‌లో లేకపోతే ఫోన్ చేసి రెండూ జత చేయించాల. అది మర్చిపోతే సీట్లు కూడా చెరోచోట పడతాయి.

ఇంకోటి, దోహాలో వీల్‌చెయిర్ వాళ్ళను ఒక హాల్లో కూర్చోబెట్టి, గేటు తెరిచే టైముకి వచ్చి తీసుకుపోతారు. ఆ మధ్యలో ఎవరూ పలకరించరు. బాత్రూం, నీళ్ళు, తిండి మూడూ ఆ హాల్లోకి పోకముందే చెప్పి కానిచ్చుకోవాల. ఇది అవ్వాతాతలకు గురువారమే చెప్పండి, విమానాశ్రయంలో హడావిడిగా చెప్తే ఎక్కదు.

కాణిపాకం_కుమార్
జేఎఫ్‌కేలో కౌంటర్ దగ్గర గేట్ పాస్ అడగండి. పెద్దవాళ్ళను సాగనంపడానికి ఇంట్లో ఒకరిని సెక్యూరిటీ దాటి గేటు దాకా పోనిస్తారు. ఇవ్వడం ఇవ్వకపోవడం ఎయిర్‌లైన్ ఇష్టం. రియల్ ఐడీ (విమానాశ్రయ తనిఖీలో చెల్లే డ్రైవింగ్ లైసెన్సు లాంటి గుర్తింపు కార్డు) లేదా పాస్‌పోర్టు దగ్గరుండాల. సాగనంపేవాళ్ళు కూడా తనిఖీలో నిలబడాల, జేబులో కత్తి, బ్యాగులో నీళ్ళ బాటిలు ఉండకూడదు. అడిగితేనే ఇస్తారు, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

శ్రీకాళహస్తి_కలంకారీ
అందరూ పెట్టెల మీద పడ్డారు. ఐ-94, అంటే అమెరికాలో ఎన్నాళ్ళుండొచ్చో చెప్పే రికార్డు, చూసుకున్నారా? పాస్‌పోర్టులో వీసా పదేళ్ళున్నా లెక్కలోకి రాదు. వచ్చినప్పుడు ఇచ్చిన తేదీ ఏదైతే ఉందో అదే గడువు. సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) ఐ-94 సైట్‌లో పాస్‌పోర్టు నంబరు కొడితే కనిపిస్తుంది. ఆరు నెలలు గదా అని ఆఖరి రోజుకు టిక్కెట్టు కొనేవాళ్ళున్నారు. మంచు పడి ఫ్లైటు రద్దయితే మరుసటి రోజు గడువు దాటినట్టే. ఒక్క రోజు దాటినా ఆ వీసా చెల్లదు, మళ్ళా వచ్చేటప్పుడు కొత్త వీసా తీసుకోవాల. 180 రోజులు మించి దాటితే మూడేళ్ళు రానివ్వరు. గడువుకు, టిక్కెట్టుకు మధ్య రెండు వారాలైనా ఖాళీ ఉండాల. ఆలస్యం తప్పదనిపిస్తే గడువు లోపలే ఐ-539 (గడువు పొడిగించమని అడిగే దరఖాస్తు) పెట్టాల.

పోయేటప్పుడు అమెరికాలో ఇమిగ్రేషన్ కౌంటర్ ఉండదు, ముద్ర వేయరు. "ముద్ర పడలేదు" అని తాతలు కంగారు పడతారు, ముందే చెప్పండి. గేటు దగ్గర కెమెరా ముందర ముఖం పెట్టమంటారు, అంతే. బోర్డింగ్ పాసులు మాత్రం పారేయకుండా ఫోటో తీసి దాచుకోండి, ఎప్పుడైనా వెళ్ళిన తేదీ సైట్‌లో సరిగ్గా పడకపోతే అదే ఆధారం.

ఎడిసన్_ఏర్పేడు
ఐ-94 గడువు జూలై నెలాఖరు దాకా ఉంది. ఇబ్బంది లేదు.

పలమనేరు_పాలకోవా
తాత షుగరు మాత్రల గురించి. ఇది పెట్టెల కన్నా ముఖ్యం. ఇండియా వైపు వచ్చేటప్పుడు రోజు కుదించుకుపోతుంది. న్యూజెర్సీకి, మనకు ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు తేడా. లెక్క చూడండి: శనివారం పొద్దున ఎనిమిదికి, న్యూజెర్సీ టైము ప్రకారం, విమానంలో మాత్ర వేసుకుంటాడు. ఆదివారం పొద్దున ఎనిమిదికి తిరుపతిలో మళ్ళా వేసుకుంటాడు. మధ్యలో ఉండేది 24 గంటలు కాదు, పద్నాలుగున్నర గంటలే. గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్ర అట్ల దగ్గర దగ్గరగా పడి, పైగా తిండి సరిగా తినకపోతే షుగరు పడిపోతుంది. బీపీ మాత్రలూ అంతే. ఏ మాత్ర ఏ పూట మానాల, ఏది సగం వేసుకోవాల అనేది డాక్టరే చెప్పాల, వారం ముందే అడగండి. ఆయన చెప్పింది గడియారం టైములతో కాకుండా "మొదటి ఫ్లైట్లో పొద్దున టిఫిన్ తర్వాత", "చెన్నైలో దిగినాక" అని తెలుగులో రాసివ్వండి. విమానంలో గడియారం ఏ దేశానిదో ఎవరికీ అర్థం కాదు.

ఇన్సులిన్ ఉంటే చేతిసంచిలోనే. కింద సామాన్ల గదిలో చలికి గడ్డ కడితే మందు పనిచేయదు. జేబులో గ్లూకోజు బిళ్ళలో, నాలుగు చక్కెర బిస్కెట్లో ఉండాల. మందులన్నీ చీటీతో సహా, మూడు రోజులకు ఎక్కువే, చేతిసంచిలో. ద్రవ మందులకు 100 మిల్లీలీటర్ల నిబంధన వర్తించదు, కానీ తనిఖీ దగ్గర ముందుగా చూపించాల.

కుప్పం_కోడలు
దీనికి తోడు భోజనం కోడ్. వెజిటేరియన్ అని మాత్రమే చెప్తే వీజీఎంఎల్ వేస్తారు. అది పాలు, పెరుగు లేని తెల్లవాళ్ళ శాకాహారం. మనకు కావాల్సింది ఏవీఎంఎల్, అంటే మన పద్ధతి శాకాహారం. షుగరు వాళ్ళకు డయాబెటిక్ భోజనం డీబీఎంఎల్ పెడితే అందులో కోడి మాంసం ఉండొచ్చు, శాకాహారులు ఆ పొరపాటు చేయొద్దు. 24 గంటల ముందే మార్చాల.

మదనపల్లె_టమోటా
నాదొక ప్రశ్న. ఇంటినుంచి ఏం కట్టివ్వాల? సీరియస్‌గానే అడుగుతున్నా.

కుప్పం_కోడలు
@మదనపల్లె_టమోటా నెయ్యి, పొడి అద్దిన ఇడ్లీలు ఎనిమిది. చపాతీలో పొడి కూర. పులిహోర. మూడూ ఘన పదార్థాలే కాబట్టి తనిఖీలో పోతాయి. చట్నీ, పచ్చడి, పెరుగన్నం పెట్టొద్దు: చట్నీ 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు, కొబ్బరి ఉంటే దోహా చేరేలోపల పాడవుతుంది, పెరుగు పుల్లబడుతుంది. చేతిసంచిలో పొడులు 350 మిల్లీలీటర్లకు మించితే విడిగా తనిఖీ చేస్తారు. కారప్పొడి డబ్బా పెద్ద పెట్టెలో వేయండి.

డల్లాస్_దామల్‌చెరువు
నీళ్ళు తాగరండీ మన పెద్దవాళ్ళు, బాత్రూంకి లేవాల్సొస్తుందని. పన్నెండు గంటలు నీళ్ళు తాగకుండా కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఇద్దరికీ నడవ పక్క సీట్లు, బాత్రూంకు దగ్గర. రెండు గంటలకోసారి లేవాల, కూర్చున్నచోటే మడమలు ఆడించాల. బిగుతు మేజోళ్ళు డాక్టరును అడిగి కొలత ప్రకారం కొనండి. ఎవరో చెప్పినారని ఆస్పిరిన్ వేయొద్దు.

ఎడిసన్_ఏర్పేడు
మందుల మాట మంచిగా గుర్తు చేసినారు, రేపే డాక్టరుకు ఫోన్ చేస్తా. పులిహోర పులుసు సంగతి చెప్పండి. అవ్వ శుక్రవారమే చేస్తానంటుంది.

నగరి_మగ్గం
ప్రయాణానికి ముందొచ్చే ఆదివారమే చేయించండి. చేయించేటప్పుడు పక్కన వంటింటి కాటా పెట్టండి. "ఎంత వేయాల అవ్వా" అని అడిగితే "చూసుకోని వేయాల" అంటుంది, అది కొలత కాదు. చింతపండు, నూనె, బెల్లం, ఉప్పు, ఎండుమిరపకాయలు, ఏ డబ్బా అయినా ఆమె ముట్టకముందు తూకం వేసి రాయండి, అయినాక మళ్ళా తూకం వేయండి. తేడానే ఆమె కొలత. ఆమె చేతికి అడ్డం రావాల్సిన పనే లేదు. వీడియో కన్నా ఇదే పనికొస్తుంది, వీడియోలో చెయ్యి కనిపిస్తుంది గానీ బరువు కనిపించదు.

కిలో బియ్యానికి వంద గ్రాముల చింతపండు దగ్గర మొదలవుతుంది, పులుపును బట్టి అటూఇటూ. పులుసు నూనె పైకి తేలేదాకా ఉడకాల, తడి మిగిలితే బూజు పడుతుంది. నువ్వుల పొడి అందులో కలిపి నిల్వ పెట్టొద్దు, ముక్క వాసన వస్తుంది. కలుపుకునే రోజే వేయాల. పూర్తిగా చల్లారినాక ఐసు ట్రేలో గడ్డ కట్టించి ముక్కలు సంచిలో వేసుకోండి, ఒక పూటకు ఎన్ని ముక్కలో తెలుస్తుంది.

పలమనేరు_పాలకోవా
ఊరుబిండి పచ్చడికి కూడా ఈ తూకం పద్ధతే. సెనగవిత్తనాలు (వేరుశెనగలు) ఎంత వేయించాలో మాత్రం తూకం చెప్పదు, అది ముక్కుతో నేర్చుకోవాల్సిందే.

గోవిందరాజ_వీధి
అందరూ చివరి రోజు అవ్వను వంటింట్లోకి పోనీయొద్దంటున్నారు. చేతికి పని లేకపోతే ఆమె పొద్దుట్నుంచి ఏడుస్తా కూర్చుంటుంది. చిన్న పని ఏదో ఒకటి ఉండనీయండి. ప్రయాణానికి ఇడ్లీలు ఆమెనే చేయమనండి, పిండి ముందురోజు రుబ్బి పెట్టి.

అలిపిరి3550
@గోవిందరాజ_వీధి ఇడ్లీ వరకు సరే. గ్రైండరు ఆ రోజు బయటికి తీయకూడదు.

కాణిపాకం_కుమార్
పాప ఎన్నేళ్ళది? ఎయిర్‌పోర్టుకు తీసుకుపోతారా?

ఎడిసన్_ఏర్పేడు
ఆరేళ్ళు. అదే తేల్చుకోలేకపోతున్నాం.

కుప్పం_కోడలు
తీసుకుపోండి. నిద్రలో ఉన్నప్పుడో, బడిలో ఉన్నప్పుడో చెప్పకుండా పంపించేస్తే ఆ తర్వాత ఎవరు బయటికి పోయినా పిల్లలు భయపడతారు. వారం ముందునుంచే క్యాలెండర్లో రోజులు పాపతో కొట్టేయిస్తా ఉండండి.

నగరి_మగ్గం
ఆరేళ్ళ పిల్లను శుక్రవారం ట్రాఫిక్‌లో రానూపోనూ నాలుగు గంటలు కూర్చోబెట్టడం, అక్కడ కౌంటర్ దగ్గర గంటన్నర నిలబెట్టడం. తిరిగొచ్చేటప్పుడు వెనక సీటు ఖాళీ చూసి ఏడుపు. ఇంటి గుమ్మం దగ్గరే సెలవు తీసుకోవడం మేలు. ఆ పూట స్నేహితుల ఇంట్లో వదలండి. చెప్పకుండా పంపించమని నేను అనడం లేదు.

పలమనేరు_పాలకోవా
ఏది చేసినా పాపకు ఒక పని ఇవ్వండి. పెట్టెలకు రంగు రిబ్బన్లు కట్టడం ఆమె పని. చెన్నైలో బెల్టు మీద అన్ని నల్ల పెట్టెల్లో మనవి ఏవో తాత గుర్తుపట్టేది ఆ రిబ్బన్ల వల్లే. మొదటి వీడియో కాల్ టైము కూడా ముందే అనుకోండి: న్యూజెర్సీలో పొద్దున ఏడున్నర అంటే తిరుపతిలో సాయంత్రం ఐదు. బడికి పోకముందు మాట్లాడుకోవచ్చు.

మదనపల్లె_టమోటా
రాహుకాలం ఎవరూ అడగలేదే! శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు.

గోవిందరాజ_వీధి
@మదనపల్లె_టమోటా అది ఆరింటికి పొద్దుపొడిచి ఆరింటికి పొద్దుగూకే లెక్క సామీ. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే శుక్రవారం నాలుగో భాగం రాహుకాలం. న్యూజెర్సీలో జూన్‌లో పొద్దు సుమారు ఐదున్నరకు పొడుస్తుంది, రాత్రి ఎనిమిదిన్నరకు గూకుతుంది. పగలు పదిహేను గంటలు, భాగం ఒక గంటా యాభై రెండున్నర నిమిషాలు. రాహుకాలం పదకొండూ ఏడుకు మొదలై ఒంటిగంటకు అయిపోతుంది. తిరుపతి క్యాలెండరు అక్కడ గోడకు తగిలిస్తే సరిపోదు. నాలుగున్నరకు బయల్దేరడానికి అడ్డమేం లేదు.

వారశూల, అంటే ఏ వారం ఏ దిక్కుకు బయల్దేరకూడదో, అది కూడా చెప్తా, అవ్వ అడుగుతుంది: శుక్రవారం శూల పడమరకు. ఎడిసన్ నుంచి జేఎఫ్‌కే తూర్పు. నిశ్చింతగా పోవచ్చు.

మదనపల్లె_టమోటా
ఆనక విమానం ఏ దిక్కుకు తిప్పుతాడో పైలట్‌ను కనుక్కోండి.

ఐరాల_బెల్లం
మంచి టైము పొద్దున్నే ఉంటే ప్రయాణం మొదలైనట్టు గుర్తుగా ఒక చేతిసంచి అప్పుడే పక్కింట్లో ప్రస్థానం పెట్టేస్తారు పెద్దవాళ్ళు. పెట్టనివ్వండి. కానీ పాస్‌పోర్టులున్న సంచి పెట్టొద్దు, పక్కింటోళ్ళు ఆఫీసుకు పోయి తాళమేస్తే నవ్వులపాలు.

శ్రీకాళహస్తి_కలంకారీ
చెన్నై కస్టమ్స్ గురించి నాలుగు మాటలు. 2016 బ్యాగేజీ రూల్స్‌లో మనిషికి 50,000 రూపాయల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని ఉండేది, 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త రూల్స్‌లో అది 75,000 అయింది. ఇది బడ్జెట్లప్పుడు మారుతుంటుంది, పోయే వారంలో కస్టమ్స్ సైట్ చూసుకోండి. ఇద్దరి పరిమితినీ కలిపి ఒకే వస్తువుకు వాడుకోవడం కుదరదు. కాబట్టి లక్ష రూపాయల ఫోన్ "ఇద్దరిదీ" అంటే ఒప్పుకోరు. పద్దెనిమిదేళ్ళు నిండినోళ్ళకు మనిషికి ఒక ల్యాప్‌టాప్‌కు సుంకం లేదు. బంగారానికి ఉన్న ప్రత్యేక వెసులుబాటు ఏడాదికి మించి బయట ఉన్నవాళ్ళకే, ఆరు నెలల అవ్వాతాతలకు రాదు. ఇండియా నుంచి వేసుకుపోయిన నగలైతే పోయేటప్పుడే కస్టమ్స్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోవడం మంచి పద్ధతి. అది లేకపోతే ఆ నగలతో దిగిన పాత ఫోటోలు, బిల్లులు ఫోన్లో పెట్టుకోండి. డాలర్ నోట్లు 5,000 దాటితే ఇండియాలో చెప్పి ఫారం నింపాల.

తాతలు పెరట్లో పూలమొక్కల విత్తనాలు పొట్లం కట్టుకుంటారు. మొక్కలకూ విత్తనాలకూ దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాల. జేబులు ఒకసారి చూడండి.

డల్లాస్_దామల్‌చెరువు
ఫోన్ల పని గురువారమే. అమెరికా సిమ్ తీసేసి ఇండియా సిమ్ వేసి, సిగ్నల్ పడేలా రీఛార్జి చేయించండి. తొంభై రోజులు వాడకుండా, ఇరవై రూపాయల బ్యాలెన్స్ కూడా లేకుండా వదిలేస్తే నంబరు ఆగిపోవచ్చు, ఇప్పుడే చూసుకోండి. గూగుల్ ఖాతాకు, బ్యాంకుకు అమెరికా నంబరు ఇచ్చుంటే మార్చండి. అక్కడికి పోయినాక ఆ నంబరుకు వచ్చే కోడ్ ఎవరూ చూడలేరు. వాట్సాప్ కూడా ఏ నంబరు మీద ఉందో చూడండి.

మెళ్ళో వేసుకునే చిన్న సంచిలో ఒక అట్ట పెట్టండి. ఒకవైపు తెలుగులో రెండు ఫ్లైట్ల నంబర్లు, టైములు, చెన్నైలో వచ్చే మనిషి పేరు. రెండోవైపు ఇంగ్లీషులో తెలుగు మాత్రమే వచ్చనీ, వీల్‌చెయిర్ కావాలనీ, షుగరు ఉందనీ, ఇంటి నంబరు. ఫోన్ ఛార్జి అయిపోయినా ఆ అట్ట పనిచేస్తుంది. ఇంటి తాళంచెవులు కూడా ఆ సంచిలోనే.

అలిపిరి3550
ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు, డాక్టరు దగ్గరికి పోయుంటే వివరాల బిల్లులు, రిపోర్టులు ఈ వారమే తీసుకోండి. ఇండియాకి పోయినాక ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగితే మనిషి గొంతు, పుట్టిన తేదీ అన్నీ అడుగుతారు, తల ప్రాణం తోకకొస్తుంది.

నగరి_మగ్గం
చెన్నై నుంచి కారు ఎవరు మాట్లాడినారు? జేఎఫ్‌కే పదింటి ఫ్లైటంటే చెన్నైలో ఆదివారం తెల్లవారుజామున రెండున్నర, మూడుకి దిగుతారు. ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్ అయి బయటపడేసరికి నాలుగు. డిజైర్ లాంటి కారు పంపిస్తే నాలుగు పెద్ద పెట్టెలు పట్టవు. అందులోనూ సీఎన్‌జీ బండి అయితే డిక్కీలో సగం సిలిండరే ఉంటుంది. ఇన్నోవా చెప్పండి, వెనక వరస మడిచేయాలని ముందే చెప్పండి. పైన క్యారియర్ మీద కట్టుకోని రావొద్దు.

ఎడిసన్_ఏర్పేడు
బావమరిది కారు తీసుకోని తిరుపతి నుంచి రాత్రి బయల్దేరతాడంట.

నగరి_మగ్గం
అదే వద్దు. పగలంతా పనిచేసి, రాత్రి నాలుగు గంటలు నడిపి, మళ్ళా నిద్రలేకుండా వెనక్కి నాలుగు గంటలు. తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు దారిలో తెల్లవారుజాము లారీలు ఎక్కువ. బావమరిది రావాలనుకుంటే సాయంత్రమే వచ్చి చెన్నైలో పడుకోవాల, లేదా వేరే డ్రైవరుతో రావాల. అవ్వాతాతలను ఎయిర్‌పోర్టు దగ్గర గదిలో రెండు మూడు గంటలు పడుకోబెట్టి, వెలుతురొచ్చినాక బయల్దేరితే అందరికీ క్షేమం.

పలమనేరు_పాలకోవా
చిత్తూరు, పలమనేరు వాళ్ళు బెంగుళూరులో దిగితే ఇదే మాట. చిత్తూరు పోయేవాళ్ళు మొగిలి ఘాట్ చీకట్లో దిగొద్దు. చెన్నై నుంచి చిత్తూరుకైతే రాణిపేట దారి.

పుత్తూరుకట్టు
పుత్తూరు మీదుగా పోతారు గదా, కట్టు అవసరం పడకుండా చూసుకోండి. మెల్లగా పోనీయండి.

ఎడిసన్_ఏర్పేడు
గది బుక్ చేస్తా. ఇంక మార్పులు: భోజనం గురువారం, పులుసు ఆదివారం కాటాతో, కాస్ట్‌కో కొట్టేసినాం. తిరుపతిలో వాళ్ళ ఇంటి సంగతి ఏమైనా ఉందా? నెలల తరబడి తాళమేసుంది.

గోవిందరాజ_వీధి
శనివారం పగలు ఎవరినైనా పంపించండి. ముందు కిటికీలన్నీ తెరవాల. మిద్దె మీద ట్యాంకు నీళ్ళు మొత్తం వదిలేసి, కడిగి, మోటరేసి నింపాల. కొళాయిలు ఐదు నిమిషాలు ఊరికే పోనీయాల, తుప్పు నీళ్ళు పోతాయి. నెలల తరబడి తిరగని మోటరు పట్టేసుండొచ్చు, స్విచ్ వేసి గుంయ్‌మని శబ్దం మాత్రమే వస్తే వెంటనే ఆపేయండి, లేకపోతే కాలిపోతుంది. ఫ్రిజ్ శనివారమే ఆన్ చేయాల. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూడాల. గ్యాస్ రెగ్యులేటర్ తగిలించి ట్యూబుకు సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాల. పరుపులు ఎండలో వేయాల. ఆదివారం పొద్దున రెండు పాల ప్యాకెట్లు, పెరుగు, ఇడ్లీ పిండి.

సోమవారానికి తిరుమల దర్శనం పెట్టుకోవద్దు. తాత పోదామంటాడు. నిద్ర కుదుటపడటానికి వారం పడుతుంది, ఆ తర్వాత టిక్కెట్టు చూసుకోమనండి.

మదనపల్లె_టమోటా
ఇడ్లీ పిండి మళ్ళానా? దారంతా ఇడ్లీలే తిన్నారు గదా పాపం. ఆదివారం సంగటి చేయించండి.

కుప్పం_కోడలు
దిగిన రోజు సంగటి అరగదు. చారన్నం చాలు. సోమవారం చేసుకోనీయండి సంగటి.